తొంభై ఏడో పేజీ

పోయిన మంగళవారం పొద్దున నరసరావుపేటలో మా వీధి చివరి కిరాణాకొట్టు బాబాయి పోయాడు. వరసకే బాబాయి, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. కబురు తెచ్చిన మనిషే, "ఏ పుస్తకమూ చివరిదాకా చదవలేదంటగా ఆయన?" అని నవ్వాడు. ఆ మాట పుట్టించింది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆదివారం సాయంత్రాలు కొట్టు కట్టేశాక అరుగు మీద ఏడెనిమిది మందిమి చేరేవాళ్ళం. ఎవరు ఏం చదువుతుంటే దాని గురించి చెప్పాలి. బాబాయి పెట్టిన షరతు ఒక్కటే: ఎంతవరకు చదివితే అంతవరకే మాట్లాడాలి. బాగున్నావా అని అడిగేవాడు కాదు. "ఎన్నో పేజీలో ఉన్నావురా?" అనేవాడు. చదవని దాని గురించి నోరెత్తితే, "తూకం వెయ్యకుండా ధర చెప్పమాకు" అనేవాడు. కందిపప్పు పొట్లాలు కట్టే చేత్తోనే పుస్తకాలకు అట్టలు వేసేవాడు.

కాలేజీలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన నాకు ఆ షరతు చిన్నతనంగా ఉండేది. ముందుమాట, చివరి అధ్యాయం చూసి గంటసేపు మాట్లాడగలను. ఆ అరుగు మీద పండితులనిపించుకున్న మిగతావాళ్ళూ అంతే. మొన్న సంతాపసభలో మైకు పట్టుకుని కళ్ళొత్తుకున్నవాళ్ళు ఈ మాట కాదనమనండి, చూస్తాను.

పదకొండేళ్ళ కిందట దుర్గిలో రాతి శిల్పాలు చెక్కే ఒకతను నవల రాసి అచ్చు వేయించుకున్నాడు. బాబాయి తన కాపీ తను చదవకుండానే ముందు నాకిచ్చాడు. తర్వాతి ఆదివారం అతణ్ణి కూడా పిలిచాడు. అతను ఉతికిన చొక్కా వేసుకొచ్చి, గోళ్ళలో రాతిపొడి కనపడకుండా చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. నేను అతని నవలని చీల్చి చెండాడాను.

"ఎక్కడ కుదర్లేదండీ?" అన్నాడతను.

"నడుమంతా. అక్కడ కథే లేదు."

బాబాయి నా ఒళ్ళోంచి పుస్తకం తీసుకుని తిరగేస్తున్నాడు. తొంభై ఏడో పేజీ దగ్గర వేలు ఆగిపోయింది. బైండింగులో పొరపాటు వల్ల అక్కణ్ణుంచి కొన్ని ఆకుల పైఅంచు తెగలేదు. మడతలు కోస్తే తప్ప తెరుచుకోవు. ఆయన నా వైపు చూశాడు. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని చూస్తూ కూర్చున్నాను.

"ఇయ్యాల్టికి చాల్లే," అని పుస్తకం మూశాడు.

మర్నాడు ఇంటికొచ్చాడు. "దుర్గి పోయి నువ్వే చెప్పురా. నేను చెప్తే చాడీ అవుద్ది. నువ్వు చెప్తే మాట అవుద్ది."

"ఏం చెప్పాలి?"

"ఏందా? చదవలేదని."

వెళ్ళలేదు. ఆయన ఎక్కడ బయటపెడతాడోనని, ముందు నేనే మొదలుపెట్టాను: బాబాయి ఏ పుస్తకమూ సగం దాటడనీ, అందుకే ఆ షరతు పెట్టాడనీ. ఊరు నమ్మింది. ఆదివారాలు పలచబడి, ఆగిపోయాయి. బాబాయి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎదురుపడితే మాత్రం, "ఎన్నో పేజీలో ఉన్నావురా?" అనేవాడు. నేను మాట మార్చేవాణ్ణి. దుర్గి మనిషి రెండో పుస్తకం రాయలేదు.

నిన్న బాబాయి కోడలు ఆ నవల తెచ్చిచ్చింది. మడతలు అలాగే ఉన్నాయి. తొంభై ఏడో పేజీలో కొట్టు చీటీ ముక్క ఒకటి.

"ఎన్నిసార్లు మొదలుపెట్టినా మామయ్య అక్కడికొచ్చి ఆపేసేవాళ్ళు బావగారూ. బ్లేడు తెచ్చియ్యనా అంటే, ఆ కోత నాది కాదమ్మా, వాడిది అనేవాళ్ళు. వాడంటే ఎవరో నాకు చానాళ్ళు తెలవలేదు."

ఆయన నిజంగా పూర్తి చేయని పుస్తకం ఇదొక్కటే.

చదవడం అయ్యాక దుర్గి బస్సెక్కుతాను. అతను తలుపు తీయకపోతే గడప బయటే నిలబడి చెబుతాను.

ఇందాకే మొదటి మడత కోశాను. తొంభై ఏడో పేజీ మూల ఆయన వేళ్ళు పడీ పడీ నల్లబడి ఉంది. వెనక పేజీ మీద ఇంకా ఎవరి చెయ్యీ పడలేదు. చీటీ ముక్కను ఒక ఆకు ముందుకు జరిపాను.