పేరు లేని బటన్

ఆఫీసులో ఆమెను అందరూ పాముచెవులావిడ అనేవారు. మొహం మీదే అనేవారు, ఆమె మురిసిపోయేది కూడా. పుట్టుకతో చూపు లేదు. కంప్యూటరు తెర మీదున్నదంతా చదివి వినిపించే గొంతును ఎంత వేగంగా పెట్టుకునేదంటే, పక్కవాళ్లకు అది రేకుల మీద వాన పడ్డట్టుండేది. వెబ్‌సైట్లు చూపులేనివాళ్లకు పనికొస్తాయో లేదో తేల్చడం ఆమె ఉద్యోగం.

ఒకసారి ఓ కంటి ఆస్పత్రి సైటు పరీక్షకు వచ్చింది. అపాయింట్‌మెంటుకు తేదీ, సమయం ఎంచుకున్నాక చివర్లో గొంతు "బటన్" అని ఊరుకుంది. ఏ బటనో చెప్పలేదు. ఖరారు చేసేది ఇదేలే, ఇంకేముంటుంది అని నొక్కేసింది. పని జరిగిపోయింది.

"ఎక్కడైనా ఆగారా మేడమ్?" అన్నాడు మేనేజరు.

"నేనా? ఆగడమా!" అంది. సైటు బాగుందని రాసిచ్చేసింది.

ఆ తర్వాత ఏడాదికి ఆమె తమ్ముడికి షుగరు కళ్ల మీదికొచ్చింది. వ్యాను నడిపి బతికినవాడు అక్క ఇంటికి చేరాడు. ఎడమకంట్లో మాత్రం కాస్త వెలుతురు మిగిలింది. ఇంజెక్షను ఆలస్యమైతే అదీ దక్కదన్నాడు డాక్టరు. అపాయింట్‌మెంటు తీసుకోవాల్సింది ఆ సైటులోనే.

"నేను చేసిపెట్టనా?" అంది అక్క.

"అన్నీ నువ్వే చేస్తే నేనెందుకే ఇక! నేర్చుకోనీ."

"సరే కానీ. ఆ సైటు బాగుంటుందిలే," అంది ధీమాగా.

తీరా ఆ రోజు ఆస్పత్రికి వెళ్తే, కౌంటరులో అమ్మాయి "మీ పేరు లేదండీ" అంది. కాళ్లావేళ్లా పడ్డా లాభం లేకపోయింది. డాక్టరు అప్పటికే ఊరెళ్లిపోయాడు, మళ్లీ వచ్చేది వచ్చే నెలలోనే.

ఇంటికొచ్చాక "ఏం చేశావురా అసలు?" అని అడిగింది.

"ఆ గొంతు తేదీ చెప్పింది, టైమూ చెప్పింది. తర్వాత బటన్ అంది. ఏం బటన్? చొక్కా బటనా? అయిపోయిందనుకుని మూసేశా. నేనో మొద్దునిలే అక్కా, నీలాంటివాళ్లకి బాగానే తెలుస్తుంది."

ఆ పేరు లేని బటన్ ఆమెకు గుర్తొచ్చింది. అప్పుడే చెప్పాల్సింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ వాడికి అన్నం వడ్డించింది, మందులు అందించింది. పాముచెవులని మురిసిపోయిన ఆ చెవుల్ని తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది.

ఒక సాయంత్రం ఇక ఉండబట్టలేకపోయింది. వాడి కోసం ఎప్పటిలాగే లైటు వేసి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, ఆ సైటు బాగుందని రాసిచ్చింది నేనేరా. ఆ బటన్ నాకూ పేరు చెప్పలేదు. నాకు అలవాటే కదా, నొక్కేశాను. నీలాంటివాడు వస్తాడని తోచలేదురా నాకు."

వాడు చెయ్యి లాక్కోలేదు.

"సర్లే అక్కా," అన్నాడు. "ముందు ఓ కొవ్వొత్తి వెలిగించు. కరెంటు ఎప్పుడు పోయింది?"

నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపిస్తోంది.