గడప పక్క ప్లగ్గు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. పిరికిదాన్నని మాత్రం ఈ ఎండాకాలంలోనే తెలిసింది, అదీ నాకు.

ముదిగుబ్బలో నాకు టైలరింగ్ షాపు ఉంది. మా ఊరి నుంచి కరెంటు స్కూటర్ మీద పోయి వస్తుంటాను. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రాగానే సీటు కింది లిథియం బ్యాటరీ ఊడదీసి, గడప పక్కనున్న ప్లగ్గుకు పెట్టడం అలవాటు. మా ఇంటికి ఉన్నది ఆ ఒక్క వాకిలే. అక్కడైతే గాలి తగులుతుందనుకునేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆ రోజు నేను రావడం, వీధి కుళాయికి నీళ్లొచ్చాయని కేక వినబడటం ఒక్కసారే అయ్యాయి. నాలుగు రోజులకోసారి వచ్చే నీళ్లు. ఆ కేక వింటే పెళ్లిపీటల మీదున్నవాళ్లు కూడా లేచి పరిగెత్తుతారు మా ఊళ్లో. బ్యాటరీ ఇంకా సెగలు కక్కుతుండగానే ఛార్జింగుకు పెట్టి, బిందెలు పట్టుకుని పోయాను.

ఇంట్లో మా అత్త ఉంది. మోకాళ్ల నొప్పులతో ఎక్కువ తిరగలేదు. గొర్రెలు మేతకు పోతే, పుట్టి వారం కాని పిల్లలు రెంటిని లోపలి గదిలో గంప కింద మూసి కాపలా కాస్తుంటుంది. బ్యాటరీ మీద చెయ్యి పెడితే చురుక్కుమందట. ఎండాకాలంలో మేం నీళ్లు చల్లబడాలని కడవకు తడి గోనెసంచి చుడతాం. ఆమె కడవకున్న సంచి విప్పి బ్యాటరీకి చుట్టింది. చుట్టి, లోపలికి పోయి గంప పక్కన పడుకుంది.

రెండో బిందె నిండుతుండగా ఎవరో మా ఇంటి వైపు చెయ్యి చూపించారు. వాకిట్లోంచి పొగ. శనక్కాయలు వేయిస్తున్నట్టు టపటపమని శబ్దం. మంట సరిగ్గా గడప దగ్గరే. అత్త లోపలుందని అరవాలి. ఊరు దద్దరిల్లేలా అరిచే నాకు ఆ ఒక్క మాట రాలేదు. కాళ్లు కదల్లేదు. బిందె ఎప్పుడు జారిపోయిందో కూడా తెలియదు.

పక్కింట్లో బోరుమోటార్లు బాగుచేసే భాయ్ ఉంటాడు. నా ముఖం చూసే సంగతి గ్రహించాడు. బయట మీటరు దగ్గర కరెంటు ఆపి, గడ్డపార తీసుకుని మా ఇంటి వెనక్కు పరిగెత్తి, లోపలి గది కిటికీని చట్రంతో సహా పెకలించాడు. పొగలోంచి మొదట వచ్చింది మా అత్త కాదు, ఒక గొర్రెపిల్ల. తర్వాత ఇంకోటి. ఆ తర్వాతే ఆమె చేతులు.

మంట ఆరాక కూడా భాయ్ బ్యాటరీ దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు. మళ్లీ అంటుకోవచ్చని పొడవాటి కట్టెతో బయటి ఖాళీ జాగాలోకి నెట్టి, చాలాసేపు నీళ్లు పోయించాడు. మర్నాడు ఆ కాలిన పెట్టెను తిప్పి చూసి నన్నడిగాడు.

"ఏమక్కా, దీన్ని యాడన్నా కింద పడేసినావా?"

లేదన్నాను. అబద్ధం. వారం కిందట షాపు మెట్ల మీద చెయ్యి జారి పడింది. మూల సొట్టపోయింది. అప్పటి నుంచి ఎక్కువ కాలుతోంది కూడా. చెబితే మా ఆయన అరుస్తాడు, మాట పడటం నాకు చేతకాదు, అందుకని నోరు మూసుకున్నాను. దెబ్బ తిన్న బ్యాటరీకి ఛార్జింగే పెట్టకూడదనీ, ఏ బ్యాటరీనైనా చల్లారనిచ్చి, ఏమీ కప్పకుండా, వాకిలికి దూరంగా, మనం చూస్తుండగా పెట్టాలనీ భాయ్ చెబుతుంటే తల దించుకుని విన్నాను.

ఊరంతా తప్పు మా అత్త మీద వేసింది. బ్యాటరీకి తడిగుడ్డ చుడతారా అని నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. ఆమె ఆ రోజు నుంచి ఇంట్లో ఏ స్విచ్చూ ముట్టలేదు. అంత ఉక్కలో ఫ్యాన్ వేసుకోకుండా, అట్టముక్కతో విసురుకుంటూ కూర్చునేది. తన చెయ్యి తగిలితే మళ్లీ ఏమవుతుందోనని భయం.

నాలుగో రోజు ఇక తట్టుకోలేకపోయాను. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. విసురుకుంటున్న చెయ్యి ఆగింది.

"అయితే నన్ను లోపల ఇడిసిపెట్టి నీళ్లకు పోయినప్పుడు, అది కింద పడిన సంగతి నీకు తెలుసు కదా పాపా?"

"తెలుసత్తా."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. గోడ పట్టుకుని లేచి, పోయి ఫ్యాన్ వేసుకుంది.

ఇప్పుడు వీధి కుళాయికి నీళ్లొచ్చి నేను బిందె అందుకుంటే చాలు, మా అత్త గొర్రెపిల్లలను చంకన పెట్టుకుని నాకంటే ముందే బయటికి వచ్చి కూర్చుంటుంది.