మైకు మాస్టారి గుసగుస

మా బడిలో లెక్కల మాస్టారిని ఎవరూ పేరుతో పిలవలేదు. మైకు మాస్టారు అనేవారు. ఆయన కింది అంతస్తులో బీజగణితం చెబుతుంటే పై అంతస్తు పిల్లలకు కూడా ఎంతో కొంత లెక్కలు వచ్చేసేవి. పక్క గదిలో భూగోళం చెప్పే టీచరమ్మ తలుపూ కిటికీలూ మూసుకుని, ఆ పైన తల పట్టుకుని కూర్చునేది.

బాస్కెట్‌బాల్ ఆయన మెడకు చుట్టుకున్నది ఆ గొంతు వల్లనే. పాత కోచ్ బదిలీ అయి వెళ్ళిపోతే, అప్పటి హెడ్మాస్టరు ఈయనను పిలిచి, గొంతు మీకు ఎలాగూ ఉంది, ఆట నేర్చుకుంటే సరిపోతుందన్నాడట. అప్పటికి మాస్టారు బంతి ముట్టుకున్న పాపాన పోలేదు. సాయంత్రాలు కాలేజీ కోర్టు గట్టు మీద కూర్చుని ఆట చూసేవారు. ఇంటికొచ్చి వంటగదిలో గిన్నెలూ గ్లాసులూ పేర్చి, ఎవరు ఎటు పరుగెత్తాలో భార్యకు వివరించేవారు. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఒకసారి మిషను ఆపకుండానే, "ఆ గ్లాసు దగ్గర ఎవరూ లేరు కదండీ, బంతి దానికెందుకు ఇవ్వరు?" అని అడిగిందట. తన మొదటి కోచ్ ఆవిడేనని మాస్టారు మాకు చాలాసార్లు చెప్పారు.

మొదట్లో ఆయన జట్టు ఓడని చోటు లేదు. ఓడి వచ్చిన మర్నాడే మళ్ళీ ప్రాక్టీసు పెట్టేవారు. గెలుపులు మెల్లగా మొదలయ్యాయి. నేను ఆడపిల్లల జట్టులోకి వచ్చేనాటికి ఆయన జుట్టు సగం నెరిసింది. గొంతు మాత్రం నెరవలేదు. మేం ఆడే హాల్లో ఒక మూల నేల చెక్కలు వదులైపోయి, అక్కడ పడిన బంతి సరిగా లేచేది కాదు. ఎవరైనా అటు వెళితే చాలు, గుంటలోకి పోవద్దని అరిచేవారు. వీధిలో నడిచేవాళ్ళు ఉలిక్కిపడి తమ కాళ్ళకేసి చూసుకునేవారు. తిట్టినా మెచ్చుకున్నా అందరికీ తెలిసిపోయేది. నిన్న నేను చేసిన తప్పు ఇవాళ పాల దుకాణంలో వినబడేది.

నేను పదో తరగతికి వచ్చిన ఏడు ఆయన గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణభయం లేదు కానీ, మాటకు పనికొచ్చే నరం దెబ్బతింది. ఇక మీదట గుసగుసేనన్నారు డాక్టర్లు. ఆయన ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు. భార్య పీట లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"ఇన్నాళ్ళూ మీరు ఇంట్లో మాట్లాడినా వీధంతా విన్నది. ఇప్పుడు నా ఒక్కదానికే వినబడుతుంది. ఏదో ఒకటి చెప్పండి" అందట.

చాలా ఏళ్ళ తర్వాత ఆవిడే నాకు ఈ సంగతి చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

బడికి వచ్చిన రోజున మాస్టారు తిన్నగా మా హెడ్మిస్ట్రెస్ పెద్దమేడం గదికి వెళ్ళారు. కోచ్ పని ఇంకెవరికైనా అప్పగించమని అడిగారు. ఆవిడ ఫైలు మీంచి తలెత్తింది.

"మీరేమంటున్నారో నాకు వినబడలేదు మాస్టారూ. వినబడినప్పుడు ఆలోచిద్దాం. పిల్లలు హాల్లో ఎదురుచూస్తున్నారు."

ఆయన వచ్చారు. కానీ ఆ ప్రాక్టీసు చూస్తే ఎవరికైనా జాలేసేది. అడుగడుక్కీ ఆయన అరుపు విని కదిలే అలవాటు మాది. అరుపు లేకపోయేసరికి కరెంటు స్తంభాల్లా నిలబడిపోయాం. మాస్టారు బెంచీ మీద అరచేతులు రుద్దుకుంటూ కాసేపు చూసి, మా కెప్టెన్‌ను పిలిచారు. ఆ పిల్లను అందరం నిచ్చెన అనేవాళ్ళం, అంత పొడుగు. ఆమె వంగి చెవి అప్పగించి, విని, మా దగ్గరికి వచ్చింది.

"మీలో మీరే చెప్పుకోండి అంటున్నారు సార్."

మొదట సిగ్గేసింది. తర్వాత ఒకరు 'ఎడమ' అంటే ఇంకొకరు 'నేనున్నా' అనడం మొదలైంది. కొన్నాళ్ళకు మమ్మల్ని ఆపడమే కష్టమైంది. అందుకని ఆయన సైగలు పెట్టారు. ఒక్క చప్పట కొడితే అందరం అటు చూడాలి. పొట్ట మీద చెయ్యి పెడితే నెమ్మదించాలి. ఒక మ్యాచ్‌లో ఆయనకు నిజంగానే కడుపు ఉబ్బరం చేసి, చివరిదాకా పొట్ట నిమురుకుంటూనే ఉన్నారు. మేం బంతిని నిద్రపుచ్చుతున్నట్టు ఆడాం. అవతలివాళ్ళు విసుగెత్తి తప్పులు చేశారు. అదీ గెలిచాం.

అలా నెట్టుకుంటూ ఆ ఏటి పోటీల్లో ఫైనల్‌కు చేరాం. కొద్ది క్షణాల ఆట మిగిలి ఉండగా ఒక్క పాయింటు వెనకబడ్డాం. మాస్టారు టైమ్‌అవుట్ అడిగారు. చుట్టూ ఒకటే గోల. తలలన్నీ దగ్గర పెట్టినా ఆయన మాట వినబడలేదు. మళ్ళీ ప్రయత్నించారు. మెడ నరాలు తేలాయి తప్ప శబ్దం రాలేదు.

"సార్, మేం చూసుకుంటాం" అంది నిచ్చెన, మెల్లగా.

ఆయన ఆ పిల్ల మొహంలోకి చూశారు. ఎవరు ఎటు పరుగెత్తాలో గీసి చూపే పలక ఆమె చేతికిచ్చి, తాను పక్కకు తప్పుకున్నారు.

నిచ్చెన గీసినట్టే బంతి నాకు వచ్చింది. వెయ్యడానికి చేతులు లేపాను. ఇద్దరు నా మీదకు వచ్చేశారు. కుడివైపు మా జట్టులో అందరికంటే చిన్నది, బుడంకాయ అని ఏడిపించేవాళ్ళం, ఒంటరిగా ఉంది. దానికిచ్చేశాను. అది వేసిన బంతి రింగు మీద గింగిరాలు తిరిగి తిరిగి లోపల పడింది. అప్పుడే గంట మోగింది.

మేం ఒకరి మీద ఒకరు పడి అరుస్తుంటే మాస్టారు ఒక్కొక్కరి దగ్గరికే వచ్చి, చెవి దగ్గర ఏదో చెప్పారు. నా వంతు వచ్చింది.

"నీకు వెయ్యాలనిపించింది. వెయ్యకుండా ఇచ్చావు. నేను చూశానమ్మా."

వీధికంతా వినబడిన మెచ్చుకోలు అంతకుముందు నాకు చాలానే దొరికింది. నా ఒక్కదానికే దక్కింది అదే. మిగతావాళ్ళకు ఏం చెప్పారో వాళ్ళెవరూ ఇప్పటికీ బయటపెట్టలేదు.

ఆ గుసగుసతోనే ఆయన రిటైరయ్యేదాకా కోచ్‌గా ఉన్నారు. ఈ మధ్య బడివాళ్ళు హాలుకు ఆయన పేరు పెట్టారు. గోడ మీద రాసిన పేరు చూసి, ఈయనెవరని పిల్లలు అడిగారట. పెయింటర్‌ను మళ్ళీ పిలిచి, కింద మైకు మాస్టారు అని రాయించారు. ఉపన్యాసాలు పెడితే రానని ఆయన ముందే చెప్పడంతో, పాత జట్లవాళ్ళం ఇప్పటి పిల్లలతో ఒక మ్యాచ్ ఆడాం. చిత్తుగా ఓడిపోయాం. నేనైతే సగంలోనే ఆయాసంతో వచ్చి బెంచీ మీద కూలబడ్డాను. పక్కనే మాస్టారు భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వారు.

ఇప్పుడు ఆయన పొద్దున్నే పార్కు పక్క కోర్టులో నడివయసు దాటినవాళ్ళకు ఆట నేర్పుతున్నారు. మోకాళ్ళు పట్టేశాయని ఎప్పుడూ మూలిగే మా అమ్మ కూడా చేరింది. మీ సారు చెప్పేది సగం వినబడదు కానీ, బంతి మాత్రం పడుతోందే అంటుంది. నిన్న నా పాత బూట్లు అడిగింది. అవి ఆవిడకు పెద్దవి. ముందు భాగంలో కాగితం కుక్కుకుని మరీ వెళ్ళింది.