సరాసరి సరిపోయింది

మా స్కూలుకి రిపోర్టు కార్డుల సాఫ్ట్‌వేర్ వచ్చిన ఏడాది నేను మార్కులు రాసినన్ని సార్లు, అంతకు ముందు ఉద్యోగం చేసిన ఏళ్ళన్నీ కలిపినా రాసి ఉండను. టీచర్ల శ్రమ తగ్గించడానికి తెచ్చామన్నారు. అలా అన్నవాళ్ళు టీచర్లు కారు.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. గాజువాకలో మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి వెళ్తే మాది ప్రైవేటు హైస్కూలు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాళ్ళ పిల్లలు, ఆటోలు నడిపేవాళ్ళ పిల్లలు, సముద్రం ఒడ్డు పల్లెల నుంచి షేర్ ఆటోల్లో వేలాడుతూ వచ్చే పిల్లలు అక్కడ చదివేవాళ్ళు. నేను పై తరగతులకి లెక్కలు చెప్పేదాన్ని. లెక్కల టీచరుకి కంప్యూటర్ దానంతటదే వచ్చేస్తుందని మా ప్రిన్సిపాల్ గారి నమ్మకం. అందుకని తక్కిన టీచర్లకి ఎక్సెల్ నేర్పించే భాగ్యం కూడా నాకే దక్కింది.

పాత పద్ధతి చెప్తాను. ఎవరి సబ్జెక్టు మార్కులు వాళ్ళు రిజిస్టర్లో వేసుకునేవాళ్ళం. క్లాస్ టీచరు వాటిని కార్డుల్లోకి ఎక్కించి, కూడి, సంతకం పెట్టేది. ఒక ఆదివారం పని. చెయ్యి నొప్పి పుట్టేది, అంతే.

కొత్త పద్ధతిలో మొదట రిజిస్టర్లో రాయాలి, ఎందుకంటే తనిఖీకి రిజిస్టరు ఉండాలి. తర్వాత ఎక్సెల్లో కొట్టాలి. తర్వాత ఫ్లాపీలో వేసి ఇవ్వాలి. ఆ ఫ్లాపీ ఆఫీసులో తెరుచుకోకపోతే మళ్ళీ కొట్టాలి. అది తెరుచుకునేది కాదు. మా గాలికీ ఆ ఉక్కపోతకీ అల్మరాలో సుద్దముక్కలే మెత్తబడిపోయేవి, ఫ్లాపీ ఏపాటిది! కంప్యూటర్ గదిలో ఉన్న మెషీన్లలో సగం పనిచేసేవి కావు. పనిచేసే సగం దగ్గర పిల్లల పీరియడ్ నడుస్తూ ఉండేది. చెప్పులు బయట విప్పి, లోపల ఖాళీ కోసం నిలబడి, కుర్చీ దొరికేసరికి కరెంటు పోయేది.

"బటన్ నొక్కితే చాలమ్మా, కార్డు బయటికి వచ్చేస్తుంది" అనేవారు ప్రిన్సిపాల్ గారు. ఆ బటన్ ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

సాఫ్ట్‌వేర్ అమ్మినాయన వారానికోసారి సిటీ నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చేవాడు. మేము కష్టపడి చేసిన షీట్లు చూసి, మా ఇంట్లో పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా ఒక్కొక్కటే వంక పెట్టేవాడు. ఆబ్సెంటు అని రాయకూడదట. కింద టోటల్ వెయ్యకూడదట. సోషల్ టీచరు పాపం ముచ్చటపడి షీటు చుట్టూ పూల బోర్డరు పెట్టుకుంది, అదీ తీయించాడు. చివరికి పేర్లు కూడా వద్దన్నాడు.

"పేర్ల కాలమ్ ఉంటే సాఫ్ట్‌వేర్ తీసుకోవట్లేదు మేడమ్. నంబరు, మార్కు, ఆ రెండే ఉంచండి. పేర్లు దాన్లో మేము ముందే ఎక్కించేశాం."

"నంబరొక్కటే ఉంటే మాకెలా తెలుస్తుందండీ, ఎవరివో?"

"మీకు తెలియక్కర్లేదు మేడమ్, దానికి తెలుస్తుంది."

పేర్లు తీసేశాం. అందరం తీసేశాం.

పదో తరగతి క్వార్టర్లీ కార్డులు శనివారం పొద్దున్న అచ్చయ్యాయి. పూర్ణా మార్కెట్లో చవగ్గా దొరికిందని ప్రిన్సిపాల్ గారు తెచ్చిన దళసరి కాగితం ప్రింటర్లో ఇరుక్కుంటూ ఇరుక్కుంటూ, తల్లిదండ్రులు గేటు దగ్గరికి వచ్చేసరికి గానీ పూర్తి కాలేదు. టీచర్లెవరికీ చూసే వ్యవధి లేకపోయింది. ప్రిన్సిపాల్ గారి సంతకం కూడా అచ్చుపడే వచ్చింది. చూడకుండా సంతకం పెట్టడం అప్పటిదాకా మనుషులు చేసే పనే.

ఆ రోజు నేను కింది తరగతి తల్లిదండ్రులతో కూర్చున్నాను. పదో తరగతి గది వైపు నుంచి కేకలు వినిపించాయి గానీ, కార్డులిచ్చే రోజు కేకలు మామూలే.

మర్నాడు ఆదివారం. చర్చికి తయారవుతుంటే గుమ్మంలో చేపలావిడ కేక. మా వీధికి ఏళ్ళ తరబడి ఆవిడే చేపలు తెచ్చేది. ఆవిడ కూతురు మా స్కూల్లో పదో తరగతి. నా క్లాసులో లెక్కలు చేసే పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, ఆ వేళ్ళలో మొదటిది ఆ పిల్ల.

గంప దించలేదు. "ఏటి టీచరమ్మా, మా పిల్ల ఇలగ సేసింది? రేపట్నించి నాను పంపను" అంది.

"ఏం చేసింది?"

"పెద్ద సారు రమ్మని సెప్పినారు. తప్పిపోనాదంట. టీసీ అట్టుకెల్లిపోండి, పైవేటుగా కట్టుకోండి అనేసినారు. తెల్లారకుండా రేవుకెళ్ళి సేపలు మోసుకొత్తన్నాను, దీని సదువు కోసరమేగదా!"

పైటకొంగులో మడిచి పెట్టుకున్న కార్డు తీసి ఇచ్చింది. లెక్కలు ముప్పై ఒకటి.

ఆ పేపరు దిద్దింది నేను. తొంభై నాలుగు వేసింది నేను. ముప్పై ఒకటి ఎవరివో కూడా గుర్తుంది, చివరి బెంచీ కుర్రాడివి. తక్కిన సబ్జెక్టులూ అలాగే ఉన్నాయి, అన్నీ అత్తెసరే.

"ఇవి మీ పిల్ల మార్కులు కావు" అన్నాను.

"మరి పేరు దాందేగదమ్మా?"

పేరు దాందే. అదే కదా తలనొప్పి!

టీసీ సంగతి ఇక్కడ చెప్పాలి. పబ్లిక్ పరీక్షకి వెళ్ళేవాళ్ళ పేర్ల పట్టికని నామినల్ రోల్స్ అంటారు. మా యాజమాన్యానికి నూటికి నూరు శాతం ఫలితాలు కావాలి. అందుకని తప్పుతారనుకున్నవాళ్ళని పట్టిక వెళ్ళేలోపే టీసీ ఇచ్చి సాగనంపేవారు. ఆ పట్టిక మంగళవారం వెళ్ళాలి. ఈలోగా మార్కులు తేలకపోతే ఆ పిల్ల మా బడి పిల్ల కాదు. ప్రైవేటుగా పరీక్ష ఫీజు కట్టించే తీరికా తెలివిడీ ఆ ఇంట్లో లేవు. రేవులో రొయ్యలు వలిచే షెడ్లకి మాత్రం ఆ వయసు ఆడపిల్లలు ఎప్పుడూ కావాలి.

"ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యకు. రేపు పిల్లనీ, దాని సంచీనీ తీసుకుని రా. దిద్దిన పేపర్లన్నీ ఉండాలి" అన్నాను. ఆ రోజు చర్చిలో పాస్టరు గారు ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క తెలియదు. నేను మనసులో ప్రిన్సిపాల్ గారితో పోట్లాడుతున్నాను.

సోమవారం పొద్దున్నే పదో తరగతి హాజరు పట్టీ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. కంప్యూటర్ ఇచ్చిన జాబితా పక్కన పెట్టాను. చూడగానే ఒళ్ళు మండిపోయింది.

మా బళ్ళో హాజరు పట్టీలో ఆడపిల్లల పేర్లు ముందు, ఎర్ర సిరాతో. వాళ్ళు అయ్యాక మగపిల్లలు, నీలం సిరాతో. నంబర్లు కూడా ఆ వరసలోనే. నేను చదువుకున్న బళ్ళోనూ అంతే. ఎందుకని ఎప్పుడూ ఎవరూ అడగలేదు, ఒకరికి చెప్పాల్సిన సంగతని మాకూ తోచలేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆడా మగా కలిపేసి, పేర్ల మొదటి అక్షరాల ప్రకారం తన నంబర్లు తాను వేసుకుంది. మా నాలుగో నంబరు ఈ పిల్ల. దాని నాలుగో నంబరు ఒక కుర్రాడు. ఇస్త్రీ బట్టలు వీధంతా ఒక్కో ఇల్లు తప్పించి పంచినట్టు, తరగతి మొత్తం ఒకరి మార్కులు ఒకరు తొడుక్కుని ఇళ్ళకి వెళ్ళారు. ఎక్కువ వచ్చిన పిల్లల తల్లిదండ్రులు కంప్యూటర్‌ని మెచ్చుకున్నారు. తక్కువ వచ్చినవాళ్ళు పిల్లల్ని కొట్టారు. కంప్యూటర్‌ని అనుమానించిన వాళ్ళు ఒక్కరూ లేరు.

ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయన రెండు కాగితాలూ చూశారు, కాలిక్యులేటర్ తీశారు, చాలాసేపు నొక్కారు.

"తప్పేం లేదమ్మా. రిజిస్టర్లో క్లాసు సరాసరీ, కంప్యూటర్లో క్లాసు సరాసరీ పాయింటుతో సహా ఒకటే. సరాసరి సరిపోయింది."

"సరాసరి సరిపోతుంది సార్. మార్కులన్నీ ఉన్నాయి. మనుషులే మారిపోయారు."

"మార్కులు తప్పయితే సరాసరి ఎలా సరిపోతుంది? మీరు లెక్కల టీచరు, మీకు నేను చెప్పాలా?"

బల్ల మీదున్న గ్లోబు తీసి నేలకేసి కొట్టాలనిపించింది. సాఫ్ట్‌వేర్ ఆయనకి ఫోన్ చేశాను. అతను ఇంకా ఘనుడు. "మా ప్రోగ్రామ్ కరెక్టే మేడమ్. ఆడపిల్లల్ని ముందు రాయడమేంటి? ఒక పని చెయ్యండి, మీ హాజరు పట్టీ మార్చేసుకోండి" అన్నాడు. సంవత్సరం మధ్యలో, ప్రభుత్వం వాళ్ళు ముద్ర వేసిన హాజరు పట్టీ!

ఇంతలో తల్లీ కూతురూ వచ్చారు. పిల్ల తల వంచుకునే పేపర్ల కట్ట తీసి ఇచ్చింది. పైన లెక్కల పేపరు, నా ఎర్ర సిరాలో తొంభై నాలుగు. ప్రిన్సిపాల్ గారు దాన్ని ఎత్తి చూసి, "పేపర్లో మార్కు వేరు, కార్డులో మార్కు వేరు. యూనిట్ టెస్టుల వెయిటేజీ కలుస్తుంది" అన్నారు. శనివారం అడిగిన ప్రతివాళ్ళకీ ఈ వెయిటేజీయే చెప్పి పంపించారట. నేను యూనిట్ టెస్టు పేపర్లు కూడా ఆయన ముందు పరిచాను. అన్నీ తొంభై పైనే. వీటిని ఎలా కలిపితే ముప్పై ఒకటి అవుతుందో చేసి చూపించమని సుద్దముక్క ఆయన చేతికి ఇచ్చాను. ఆయన పుచ్చుకోలేదు.

అప్పుడు ఆ కుర్రాణ్ణి పిలిపించాను, ఈ పిల్ల మార్కులతో ఫస్టు వచ్చినవాణ్ణి. వాడి పేపరు మీద నలభై రెండు ఉంది. వాడు నా మొహం చూడకుండా, "నేను శనివారమే చెప్పాను మేడమ్, ఎవరూ వినలేదు" అన్నాడు. పాపం, వాడి తప్పేముంది?

చేపలావిడకి మా మాటలు సగమే అర్థమయ్యాయి. "బాబూ, మా పిల్ల తప్పనేదా?" అని ఆయన్నే అడిగింది.

ఆయన దగ్గారు. నావైపు తిరిగి గొంతు తగ్గించారు. "సరే, ఈ అమ్మాయిది మార్చేద్దాం. అబ్బాయిది మాత్రం అలాగే ఉండనివ్వండి. వాళ్ళ నాన్న స్టాఫ్‌రూమ్‌లో అందరికీ స్వీట్లు పంచేశాడు."

"అలాగే సార్. కానీ అప్పుడు సరాసరి సరిపోదు" అన్నాను.

ఆయన కాలిక్యులేటర్ వైపు చూశారు. మళ్ళీ నావైపు చూశారు. ఆ చూపు కోసం నేను సాఫ్ట్‌వేర్ పెట్టిన బాధంతా ఇంకోసారి పడతాను.

కార్డులన్నీ వెనక్కి తెప్పించమన్నారు. మార్కులు సాఫ్ట్‌వేర్ వరసలో, దాని నంబర్లతో మేమే మళ్ళీ కొట్టాం. ఒకరు పేరు చదవడం, ఒకరు వెతకడం, ఒకరు కొట్టడం. కరెంటు పోయింది, వచ్చింది, సేవ్ చెయ్యకపోవడంతో మొదటికొచ్చాం. సోషల్ టీచరు ఏడుపొక్కటే తక్కువ. కొందరు తల్లిదండ్రులు పాత కార్డు ఇవ్వనన్నారు. ఒకాయనైతే మా దగ్గర లామినేషన్ చేయించేసిందే ఉంది పొమ్మన్నాడు. మొత్తానికి మంగళవారం నామినల్ రోల్స్‌లో ఆ పిల్ల పేరు వెళ్ళింది. వెళ్ళేదాకా నేను ఆఫీసు గుమ్మంలోంచి కదల్లేదు.

ఆ సాయంత్రం పిల్లకి కొత్త కార్డు ఇచ్చాను. నా కోపం ఇంకా దిగలేదు, ఎవరి మీదో ఒకరి మీద పోవాలి. "తొంభై నాలుగు పేపరు సంచీలో పెట్టుకుని, శనివారం నోరు మూసుకుని ఎందుకు నిలబడ్డావే? సార్‌కి తీసి చూపించొచ్చుగా?" అన్నాను.

అది కార్డు మీద వేలితో గీసింది.

"వెయిటేజీ అంటే ఏటో నాకు తెల్దు టీచర్. మీరే మళ్ళీ దిద్దినారేమో అనుకున్నాను. మొదట సరిగ్గా సూసుండరు, తరవాత నా తప్పులు కనపడ్డాయేమో అని. ఆదివారం అంతా ఆ పేపరే మళ్ళీ సేసుకున్నాను. ఒక్క తప్పూ దొరకనేదు."

నాకు ఏడుపొచ్చింది. సాఫ్ట్‌వేర్ మీద లేదు, ప్రిన్సిపాల్ గారి మీద లేదు, ఏ కోపమూ మిగల్లేదు. దగ్గరికి తీసుకుని, "నీ లెక్కలు తప్పు కాదే" అని మాత్రం అనగలిగాను.

మరుసటి ఏడాదికి ఆ సాఫ్ట్‌వేర్ పోయి ఇంకోటి వచ్చింది. ప్రిన్సిపాల్ గారు సంగతంతా మర్చిపోయి, కొత్తదానికీ ఒక్క బటనే అన్నారు. ఆ పిల్ల పబ్లిక్ పరీక్ష మా బడి నుంచే రాసింది, మంచి మార్కులతోనే పాసయింది. కానీ మా బళ్ళో ఉన్నన్నాళ్ళూ నేను దిద్దిన పేపరు చేతికి ఇచ్చినప్పుడల్లా తక్కినవాళ్ళలా వెళ్ళి కూర్చునేది కాదు. బల్ల దగ్గరే ఆగి, నా ఎర్ర సిరా మార్కు మీద వేలుంచి అడిగేది:

"టీచర్, ఇది మారదు గదా?"