ఫొటోలో గెంతిన గుర్రం

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో గుర్రమంటే జట్కా గుర్రమే. మా నాన్నకు ఒక జట్కా, దానికి కట్టే ముసలి ఆడగుర్రం ఉండేవి. నాతవరం వెళ్ళే జనాన్నీ, రైస్ మిల్లు బస్తాలనీ అదే లాగేది. ఆ మిల్లు యజమానిని అందరం మిల్లు బాబుగారు అనేవాళ్ళం. ఆయన దగ్గర మిలిటరీ వేలంలో కొన్న మేజర్ అనే మగ గుర్రం ఉండేది. ఆయన దాన్ని ఎక్కగా చూసినవాళ్ళు మాత్రం ఊళ్ళో ఎవరూ లేరు.

ఆ మేజర్ తండ్రి యూరప్ నుంచి ఓడలో వచ్చిందట, ఆరడుగుల గోడలు గెంతేదట. ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించిన దాని ఫొటోకు ఫ్రేము కట్టించి బాబుగారు మిల్లు ఆఫీసులో తగిలించాడు. అది చచ్చిపోయిందని తెలిశాక బంతిపూల దండ కూడా వేశాడు. పక్కనే ఉన్న సొంత తండ్రి ఫొటోకు దండ ఎండి రాలుతున్నా పట్టించుకునేవాడు కాదు గానీ, గుర్రానికి అగరువత్తులు తప్పేవి కావు. బస్తాలు దించడానికి వెళ్ళిన ప్రతివాడూ ఆ వంశచరిత్ర నిలబడి వినాల్సిందే.

ఆయనే ఒకసారి ఉదారంగా మేజర్‌ని మా గుర్రం మీదికి వదిలాడు. పుట్టే పిల్ల మీదే, జాతి నిలబడితే నాకదే చాలన్నాడు. ఎర్రటి మగపిల్ల పుట్టింది. నేను దాచి తెచ్చిన బెల్లం ముక్కలు తింటూ పెరిగింది. రెండో ఏడు ఒక ఉదయం, నా నడుమెత్తున్న తాటాకు దడిని గెంతి నా దగ్గరికి వచ్చేసింది. నేను పొంగిపోయి, ఇది ఫొటోలో గుర్రానికి మనవడని బడంతా చాటాను.

ఆ కబురు మిల్లుకు చేరింది. ఆదివారం పొద్దున్నే మిల్లు బాబుగారు ఒక చేత్తో మేజర్‌నీ, ఇంకో చేత్తో కొత్త పలుపునీ పట్టుకుని దిగాడు. గెంతింది తన గుర్రం రక్తమట, కాబట్టి పిల్ల తనదట. మరి కన్న మా గుర్రం సంగతేమిటని అడిగితే, అది పిల్లని మోసిన సంచి అన్నాడు. మా నాన్న తల వంచుకున్నాడు. మిల్లు బస్తాలు లేకపోతే మా పొయ్యి వెలగదు మరి. నేను పిల్ల మెడ వాటేసుకుని ఏడుస్తున్నాను.

మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఉలవలు చెరుగుతోంది. చేట దించకుండానే అంది. "రక్తం మీదైతే పట్టుకెల్లిపోండి బాబూ. మరా రక్తం మీ గుర్రంలో కూడా ఉంటాది కదా. ఒక్కపాలి ఈ దడి గెంతించి సూపించండి. పిల్లని మేవే మిల్లు కాడ దిగబెట్టేస్తాం."

అప్పటికే వీధిలో జనం పోగయ్యారు, కాదనడానికి ఆయనకు వీల్లేకపోయింది. మేజర్‌ని దడి దాకా నడిపించాడు. అదిలించాడు, వెనక నుంచి చప్పట్లు కొట్టించాడు. అది దడి మీద పాకిన ఆనప తీగను తీరిగ్గా నమిలింది. మూడోసారికి వెనక్కి తిరిగి లద్దె వేసింది. ప్రాక్టీసు తప్పింది గానీ దీని తండ్రయితేనా, అని ఆయన మొదలుపెట్టాడు.

"గెంతినోడు గోడ మీదున్నాడు కద బాబూ. ఆడ్నే తెచ్చి గెంతించండి" అంది నాయనమ్మ.

తర్వాత లేచి దడి అవతలికి వెళ్ళి, చేటలో ఉలవలు గలగలలాడించి "ఒలే" అని, ఇంట్లో ఆడపిల్లని పిలిచినట్టే పిలిచింది. మా ముసలి గుర్రం చెవులు నిక్కించింది. భుజాల మీద కాయలు కాసిన ఆ గుర్రం నాలుగడుగులు పరుగెత్తి, తాటాకు కదలకుండా దడి దాటి, చేటలో మూతి పెట్టింది. పదేళ్ళు తోలిన మా నాన్నకే ఆ సంగతి తెలీదు. జట్కాకు కట్టిన గుర్రాన్ని గెంతమని ఎవరడుగుతారు? పక్కింటి పెరట్లో ఉలవల కోసం అది రోజూ దడి దాటేదనీ, పిల్ల చూసి నేర్చుకుందనీ, దొంగతనం బయటపడితే పరువు పోతుందని తను నోరు మెదపలేదనీ నాయనమ్మ తర్వాత చెప్పింది.

మిల్లు బాబుగారు పలుపు చుట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, పోనీ ఈ ముసలిదాన్ని ఇస్తారా అని అడిగాడు. అంత సిగ్గులేని మనిషిని నేను మళ్ళీ చూడలేదు. వారం రోజులు బస్తాలు బిగబట్టి, ఆనక తనే కబురు పెట్టాడు.

ఇప్పుడు నా మనవరాలు పశువైద్యం చదువుతోంది. మొన్న ఫోన్‌లో వార్మ్‌బ్లడ్ గుర్రాలని చూపించింది. యూరప్‌లో అడ్డంకులు గెంతే పోటీల కోసం తరతరాలుగా ఎంచి పెంచిన జాతులట. పేరున్న మగ గుర్రాలకు వందల కొద్దీ పిల్లలట. చచ్చి ఏళ్ళయినా, గడ్డకట్టించి దాచిన వీర్యంతో ఇంకా తండ్రులవుతూనే ఉన్నాయట. గెలిచిన ఏ గుర్రం వంశం తవ్వినా మళ్ళీ మళ్ళీ ఆ కొద్ది పేర్లేనట. వింటుంటే నాకు మిల్లు ఆఫీసు అగరువత్తుల వాసన వచ్చింది. మరి తల్లుల మాటేమిటే అని అడిగాను. తెలిసినవాళ్ళు తల్లి వైపు కూడా గట్టిగా చూస్తారు అమ్మమ్మా, పేరు మాత్రం తండ్రికే వస్తుంది అంది. తెలిసి కూడా దండలు ఫొటోకే వేస్తున్నారన్నమాట. వాళ్ళకంటే మిల్లు బాబుగారే నయం, ఆయనకు నిజంగానే తెలీదు.

చిన్నప్పుడు మా గుర్రం దడి దాటిన ఆ రోజు నుంచీ, ఎవరైనా నేను ఫలానావారి అబ్బాయినండీ అని వస్తే, మీ అమ్మగారి పేరేమిటని అడగడం నాకు అలవాటైంది. చాలామంది ఒక్క క్షణం తడబడతారు. ఆ తడబాటు చూసి నాలో నేను నవ్వుకుంటాను.

మనవరాలు సరదాగా మా ఎర్రపిల్లకి కూడా ఫోన్‌లో వంశవృక్షం గీసింది. తండ్రి మేజర్. తాత, ఫొటోలో గుర్రం. తల్లి పేరు అడిగింది. నేను తడబడ్డాను. అన్నేళ్ళు మాకు కూడు పెట్టిన ఆ గుర్రానికి మేమెవరమూ పేరే పెట్టలేదు. అది నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

"ఒలే" అని రాయమన్నాను. నవ్వుతూ రాయబోయింది. నవ్వకుండా రాయమన్నాను.