ఆటో మీద అత్త చెయ్యి

వాన చినుకు పడితే మా మామ తన తల సంగతి చూసుకునేవాడు కాదు. ప్లాస్టిక్ పట్ట తీసుకొని ఆటో దగ్గరికి పరిగెత్తేవాడు. ఆటో వెనక పక్క మా అత్త చెయ్యి అచ్చు ఉండె. ఆయుధపూజ రోజు పసుపూ చందనమూ కలిపి, "నా చెయ్యే నీకు కాపలా" అని నవ్వుతా అద్దింది. కార్తీకంలో జ్వరమొచ్చి పోయింది. ఆ తర్వాత ఆ పక్క మామ ఎవురినీ కడగనియ్యలేదు.

తిరుత్తణి కొండ దావలో ఒక స్పోర్ట్స్ కారు, బల్లి మాదిరి నేలకు అంటుకొని వచ్చి, ఆటోను వెనక గుద్దింది. దాన్ని తోలిన పిల్లోడు దిగి, "ఇన్సూరెన్స్ ఉందిలే అన్నా, అంతా కొత్తగా చేసిస్తారు" అన్నాడంట.

మామ నాకు ఫోన్ చేసినాడు. "సొట్ట కింది పక్క పడింది అమ్మీ. మీ అత్త చేతికి ఏం కాలేదు."

మర్నాడు ఆయనతో నేనూ ఆటోను రిపేరుకిచ్చిన తిరువళ్ళూరు షెడ్డుకు పోయినా. మెకానిక్ సంతోషంగా ఎదురొచ్చినాడు.

"ఇన్సూరెన్సాయన పొద్దున్నే వచ్చి ఫోటోలు తీసుకొని పోయినాడన్నా. సొట్ట బాగా కనబడాలని నేనే సబ్బేసి తోమి కడిగినా. క్లెయిము పాసైనట్టే!"

మామ ఆటో వెనక్కి పోయినాడు. సొట్టకు పైనున్న రేకును అరచేత్తో తడిమినాడు.

"కడగక ముందు ఒక ఫోటో అన్నా తీసినావాప్పా?"

మెకానిక్ తన ఫోను చేతికిచ్చినాడు. మామ ఒక్కో ఫోటోనూ వేళ్ళతో పెద్దది చేసి చూసినాడు. అన్నిట్లోనూ సొట్ట శానా బాగా కనబడతా ఉండె.