పద్మక్క నోట్లో పట్టిన గొట్టం కాజా

నిన్న పొద్దున్నే టీ పెట్టుకుంటుంటే పిఠాపురం సత్యవతిగారి ఫోన్. మా పద్మక్కకి వియ్యపురాలు.

"అమ్మా, మా వదినగారు వెళ్ళిపోయారమ్మా..."

ఇంక ఏడుపే. స్టవ్ మీద టీ పొంగిపోతోంది. నేను అలా చూస్తూ నిలబడ్డాను.

మొన్న ఆదివారమేగా నాతో గంటసేపు కబుర్లు చెప్పింది!

ఏడుస్తూ రాద్దామని కూర్చున్నాను. కుదరట్లేదు. అక్క గురించి మొదలెడితే నాకు హుషారే వస్తుంది. ఏం చెయ్యను!

తెలియనివాళ్ళ కోసం: పద్మక్క మా పెద్దమ్మ కూతురు. కాకినాడలో స్కూల్ టీచర్. తనకి స్క్లెరోడెర్మా. చాలా అరుదైన జబ్బు, చర్మం బిగుసుకుపోతుంది. వేళ్ళు, మొహం, పెదాలు, అన్నీ.

అందరూ వేళ్ళు చూసి అయ్యో అనేవారు. అక్క బాధంతా నోటితోనే.

నోరు ఎండిపోయేది. పళ్ళు పుచ్చిపోయేవి. బ్రష్ లోపలికి వెళ్ళేది కాదు. చిన్నపిల్లల బ్రష్ కొనుక్కుంది. అది వేళ్ళకి పట్టు దొరక్కపోతే బావగారు దానికి సైకిల్ హ్యాండిల్ గ్రిప్ తొడిగారు! "నా బండి చూడవే" అని వీడియో కాల్‌లో చూపించింది.

కానీ నలుగురిలో తినడం మానేసింది. పెళ్ళిళ్ళకి వెళ్ళి, "భోజనం అయిందండి" అని అబద్ధం చెప్పి వచ్చేసేది. నాకు ఒళ్ళు మండేది. అక్క మీద కాదు, ఆ జబ్బు మీద.

అక్క కూతురు లావణ్య నిశ్చితార్థం రోజు సత్యవతిగారు నోరు తీపి చేస్తానని గొట్టం కాజా పట్టుకొచ్చారు.

మన కాకినాడ కాజా సంగతి తెలుసుగా. సగం కొరికామా, పాకం బట్టల మీదే. మొత్తం నోట్లో పెట్టుకోవాలి.

అక్క నోరు తెరుచుకోలేదు. కాజా పెదాలకి తగిలి పాకం పట్టుచీర మీద కారింది. సిగ్గుతో మొహం తిప్పేసుకుంది.

సాయంత్రానికల్లా గుసగుసలు. "ఆవిడకి ఈ సంబంధం ఇష్టం లేదుట!"

జబ్బు సంగతి చెప్తే పెళ్ళి ఆగిపోతుందని భయం. చెప్పకపోయినా ఆగేలా ఉంది! ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడే నన్ను వెంటేసుకుని పిఠాపురం వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా నోరు ఇంతే తెరుచుకుంటుందండి. జబ్బు. పొగరు కాదు."

సత్యవతిగారు లేచొచ్చి అక్క గడ్డం పట్టుకున్నారు.

"అయ్యో వదినగారూ, నా చేతి తీపి మీకు ఇష్టం లేదేమోనని నిద్రే పట్టలేదండి!"

ఇద్దరూ ఒకటే ఏడుపు. అక్క కళ్ళు తుడుచుకుని, "పెళ్ళిలో మీ చేత్తో మొత్తం కాజా తింటాను, చూడండి" అనేసింది. నేను నోరెళ్ళబెట్టాను.

అదృష్టం, ముహూర్తాలు వేసవికి గానీ లేవు. పళ్ళ డాక్టర్‌గారు చెప్పిన ఎక్సర్‌సైజులు మొదలు. ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ళ మధ్య పెట్టుకుని నోరు సాగదియ్యాలి. ఎన్నాళ్ళకో ఒక పుల్ల పెరిగేది. పెరిగిన రోజు నాకు ఫోన్.

"ఇంకో పుల్ల పట్టిందే!"

పెళ్ళి రోజు బావగారు ట్రేలో చిన్న కాజా కోసం వెతుకుతుంటే అక్క ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది. సత్యవతిగారు తన చేత్తో పెట్టారు. ఇటు తిప్పారు, అటు తిప్పారు...

వెళ్ళింది! మొత్తం! ఒక్క చుక్క పాకం పడలేదు!

భోజనాల బంతిలో కూర్చున్నవాళ్ళందరూ ఎంగిలి చేతులతోనే చప్పట్లు. నేనైతే ఈల వేశాను. పంతులుగారు తిరిగి చూశారు.

ఆ తర్వాత ఏ పెళ్ళిలోనూ అక్క ఆ అబద్ధం చెప్పలేదు. మెల్లగా తిన్నా, బంతిలో కూర్చునే తింది.

చివరికి జబ్బు ఊపిరితిత్తుల దాకా వెళ్ళింది. అక్కడ పుల్లలు పనిచెయ్యవు.

మీ ఇంట్లో ఇలాంటి జబ్బున్నవాళ్ళుంటే నోటి సంగతి కూడా అడగండి, ప్లీజ్. సిగ్గుపడి వాళ్ళు చెప్పరు.

నిన్న నేను వెళ్ళినప్పటినుంచీ సత్యవతిగారు అక్క పక్కనుంచి లేవలేదు. గడ్డం నిమురుతూ, వచ్చినవాళ్ళందరికీ అదే మాట.

"నా చేత్తో తిన్నారండి. మొత్తం తిన్నారండి."

హాయిగా పడుకో అక్కా. అక్కడ ఎవరైనా కాజా పెడితే సగం కొరకకు.